సున్నా వచ్చిన ల్యాబు

సహాయ కేంద్రం కోసం మాకిచ్చిన గదిలో అంతకుముందు పగిలిన గాజు సామాను దాచేవారు. పాత సైన్సు భవనంలో మెట్ల కింద ఉండేది. కిటికీ ఒకటి ఉంది గాని అది వరండాలోకే తెరుచుకునేది. అందుచేత లోపల కూర్చున్నవాడు బయట వాన కురుస్తోందో వెలిసిందో దారినపోయేవాళ్ళ గొడుగులను చూసి ఊహించుకోవలసిందే. ముప్పై నాలుగేళ్ళు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఆ గది అప్పగించడంలో రిజిస్ట్రారు ఉద్దేశం గౌరవమే. పరిశోధనలో కొత్తగా చేరినవాళ్ళలో ఏటా కొందరు మొదటి టర్ములోనే వెళ్ళిపోతున్నారట. హాస్టలు, డాక్టరు, మనసు బాగాలేనప్పుడు మాట్లాడే కౌన్సెలరు, ఫిర్యాదు చేసుకునే చోటు అన్నీ ఉన్నాయి. ఏది ఎక్కడుందో పిల్లలకు తెలియదు. "ఒక పెద్దమనిషి కూర్చుంటే వస్తారండీ. మీరైతే పద్ధతిగా చేస్తారు" అన్నాడాయన.

పద్ధతిగానే చేశాను. ఆ నాలుగు నెలల వానాకాలంలో జరిగినదంతా ఆ పద్ధతి వల్లనే జరిగింది.

మొదట ఇరవై రెండు పేజీల చిన్న పుస్తకం రాశాను. అందులో వెయ్యబోయే ప్రతి నంబరుకూ నేనే ఫోను చేసి చూశాను. ఇరవై ఆరింటిలో పదకొండు మోగలేదు, ఒకటి ఎవరి ఇంట్లోనో మోగింది. మొదటి పేజీలో "ఇక్కడికి వచ్చినవారిని దేన్నీ నిరూపించమని అడగం" అని పెద్ద అక్షరాలతో వేయించాను. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం పద్నాలుగో పేజీలో ఉంది. గైడుతో పొసగని విద్యార్థి మొదటి టర్ము చివరి రోజు లోపల మరొక గైడు దగ్గరికి మారవచ్చు. దరఖాస్తు సహాయ కేంద్రం ద్వారానే రావాలి. ఆ తేదీ దాటిందా, పట్టా చేతికి వచ్చేదాకా, అంటే ఐదేళ్ళో ఆరేళ్ళో, ఇక ఆ గైడే.

తర్వాత కార్డు తయారుచేశాను. లేత పసుపు అట్ట మీద అయిదు గడులు: పేరు, విభాగం, కావలసిన సహాయం, వచ్చిన సమయం, గైడు సంతకం. చివరి గడి నా సొంత ఆలోచన. పనివేళల్లో ల్యాబు వదిలి వస్తారు కాబట్టి గైడుకు తెలిసి రావడం మర్యాద. పైగా వచ్చినవాడు నిజంగా పరిశోధక విద్యార్థేనని రుజువుంటుంది, లెక్క తప్పదు. తప్పు లెక్కల మీద కోపంతోనే నా జీవితంలో ఎక్కువ భాగం గడిచింది.

కేంద్రానికి ఒక అటెండరునిచ్చారు. రిటైర్మెంటుకు రెండేళ్ళున్న ఆవిడ. చూడటానికి మెతక, నోరు మాత్రం కాదు. కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, "డాక్టరు దగ్గరికి పోవాలంటే జబ్బు దగ్గర చీటీ రాయించుకుని రమ్మన్నట్టుంది సార్ ఇది" అంది.

"గైడులంతా జబ్బులేనా అమ్మా?"

"అందరూ ఎందుకవుతారండీ. జబ్బులేనివాళ్ళు డాక్టరు దగ్గరికి రారు కదా, వాళ్ళ సంగతి వదిలెయ్యండి."

నవ్వి ఊరుకున్నాను. ఆ మాటలో తర్కదోషమేమీ లేదని ఆనాడే గమనించవలసింది.

అదే వారం మా చెల్లెలి కూతురు పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, చురుకైనది, ఏది చెప్పినా వెంటనే 'ఎందుకు' అనేది. ఆ అలవాటు నానుంచి వచ్చిందని మా చెల్లెలు నిష్టూరంగానూ నేను సంతోషంగానూ అనుకునేవాళ్ళం. స్ఫటికాలు పెంచే ల్యాబులో ఆమెకు సీటు వచ్చింది. ఆ ల్యాబుకు పెద్ద, నా దగ్గర మొట్టమొదట డాక్టరేటు పుచ్చుకున్న శిష్యుడు. "మాస్టారి మేనకోడలంటే మా ఇంటి పిల్లే" అని ఆ పూటే చేర్చుకున్నాడు.

మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్న రెండు పడకగదుల్లో ముందుగదిని ఆనుకున్నది ఆమెకిచ్చాం. దానికి తలుపు ఒక్కటే, అదీ ముందుగదిలోకే. ఇల్లు కట్టేటప్పుడు పెరటివైపు ఇంకో తలుపు పెడదామని మేస్త్రీ రెండుసార్లు అడిగాడు. గోడ బలం తగ్గుతుందని నేనే వద్దన్నాను.

నా శిష్యుడికి పన్నెండేళ్ళుగా ఒక అలవాటుంది. ప్రతి ఆదివారం పొద్దున పదింటికి వచ్చి, ముందుగదిలో నా ఎదుటి కుర్చీలో కూర్చుని, ఒంటిగంటకు లేస్తాడు. మేమిద్దరం దేవుళ్ళనుంచి దూరదర్శినుల దాకా వాదించుకుంటాం. రిటైరైన మనిషికి అలాంటి ఆదివారం ఎంత అపురూపమో రిటైరైతే గాని తెలియదు.

"మా పిల్ల ఎలా చేస్తోందోయ్?" అని అడిగాను, ఆమె చేరిన మూడో వారంలో.

"బంగారం మాస్టారూ. కాకపోతే గడియారం ఎక్కువగా చూస్తుంది. అదే అలవాటవుతుంది." మూసివున్న గది తలుపువైపు తిరిగి గొంతు పెంచాడు. "ఏమ్మా, అంతేనా?"

"అవును సార్" అని లోపలినుంచి వినిపించింది.

"చూశారా, ఆదివారం కూడా చదువే!"

మా ఆవిడ టీ కప్పులు బల్లమీద పెట్టి, ఆ తలుపువైపు ఒకసారి చూసి వెళ్ళింది. ఆవిడ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి మానుకుంది. ఆవిడ చూపుకు నేనెప్పుడూ పెద్దగా విలువ ఇవ్వలేదు. అది కొలతకు అందదని నా అభిప్రాయం.

ఆ ల్యాబులో పని ఇది. కరిగిన పదార్థాన్ని ఒక ఫర్నేసులో ఉంచి గంటకు రెండు డిగ్రీల చొప్పున పంతొమ్మిది రోజులపాటు చల్లబరుస్తారు. తొందరపడితే స్ఫటికం పగులుతుంది. ఓపిక పడితే వేలెడంత, నీళ్ళంత తేటగా వస్తుంది. పొద్దున తొమ్మిదినుంచి సాయంత్రం ఆరు దాకా ప్రతి అరగంటకూ ఒక విద్యార్థి ఫర్నేసు ముందు నిలబడి వేడి ఎంతుందో చూసి పుస్తకంలో రాయాలి. కొత్తగా చేరిన నలుగురూ వారానికొకరు చొప్పున వంతులు వేసుకుంటారు. బడిలో చేరిన పిల్లాడికి ఓనమాలు ఎలాగో ప్రయోగశాలలో చేరినవాడికి ఈ క్రమశిక్షణ అలాగని నేను ఇంట్లో ఉపన్యాసం ఇచ్చాను కూడా. మేనకోడలు విని తలూపింది. 'ఎందుకు' అనలేదు.

రెండో నెల చివర నా దగ్గర నూట పన్నెండు కార్డులు పోగయ్యాయి. ల్యాబుల వారీగా పట్టిక వేశాను. ఒక ల్యాబునుంచి తొమ్మిదిమంది, మరొకదాన్నుంచి పద్నాలుగుమంది వచ్చారు. స్ఫటికాల ల్యాబు ఎదుట సున్నా. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆగలేకపోయాను.

"మీ ల్యాబునుంచి ఒక్కరంటే ఒక్కరు రాలేదమ్మా! నలుగురు కొత్తవాళ్ళున్నారు, నలుగురికీ ఏ కష్టమూ లేదన్నమాట. మొత్తం క్యాంపస్‌లో మీదొక్కటే."

ఆమె కంచంలోంచి తలెత్తింది. "మంచిదే కదా మామయ్యా."

"మంచిదే కాదు, ఆదర్శం. రిపోర్టులో అదే రాశాను. ఆదర్శ ల్యాబు అని సర్టిఫికెట్టు ఇస్తారట."

"మా సార్‌కి చెప్పారా?"

"ఆదివారం చెబుతాను, మురిసిపోతాడు."

"చెప్పండి" అని చెయ్యి కడుక్కోవడానికి లేచింది. అన్నం సగం అలాగే ఉంది.

ఆమె గది తలుపు పడ్డాక మా ఆవిడ కంచాలు తియ్యకుండా కూర్చుంది.

"ఆ పిల్ల ఫోను మోగితే లేచి నిలబడుతోంది, చూశారా? ఎవరు చేశారో చూడకముందే."

"వినయం."

"వినయమైతే చూశాక నిలబడాలి. ముందే ఎందుకు నిలబడుతుంది?"

"ఒక్క ఉదాహరణతో నిర్ధారణకు రాకూడదని నీకెన్నిసార్లు చెప్పాను?"

"ఇంట్లో ఉన్నదే ఒక్క పిల్ల. రెండో ఉదాహరణ ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?" అని కంచాలు అందుకుంది. వెళ్తూ వెళ్తూ ఆగి, "వార్డులో మూలిగేవాళ్ళ గురించి నాకు దిగులుండేది కాదండీ. మూలగనివాళ్ళ మంచం దగ్గరికే ముందు వెళ్ళేదాన్ని" అంది.

ఆ మాట నాకు బాగుందనిపించింది. బాగున్న మాటలన్నీ నిజాలు కావని వెంటనే సర్దిచెప్పుకున్నాను.

మూడో నెలంతా ముసురు. గైడు మార్పుకు చివరి తేదీ ఇంకా తొమ్మిది రోజులుందనగా, మధ్యాహ్నం పన్నెండూ నలభైకి నా మేనకోడలు సహాయ కేంద్రంలోకి వచ్చింది. తల తడిసి జుట్టు బుగ్గలకు అంటుకుని ఉంది. నన్ను పలకరించలేదు. అటెండరు దగ్గర కార్డూ నంబరూ తీసుకుని బెంచీ చివర కూర్చుంది. ఆమెకు ముందు ఇద్దరున్నారు.

ఇక్కడ నేను చేసిన పని నాకు అప్పుడు ఎంతో సబబుగా తోచింది. నా మేనకోడలు కదా అని ఆమెను ముందు పిలవలేదు. మొదటివాడు లైబ్రరీ కార్డు పోగొట్టుకున్నాడు. రెండో అమ్మాయి హాస్టలు గదిలో కుళాయి కారుతోంది. ఇద్దరి సంగతీ వివరంగా విని, వివరంగా రాసుకున్నాను. నా నిష్పాక్షికతను ఆమె గమనిస్తూ ఉంటుందని మనసులో ఒక మూల సంతోషం కూడా.

ఆమె వంతు వచ్చేసరికి పన్నెండూ యాభై రెండు.

"కూర్చోండి" అన్నాను. అక్కడికి వచ్చేవారందరినీ 'మీరు' అనడం నా నియమం.

ఆమె కూర్చోలేదు. "పద్నాలుగో పేజీ దరఖాస్తు కావాలి సార్."

సార్ అంది. నేను కార్డు అందుకుని చూశాను. పేరుంది. విభాగముంది. కావలసిన సహాయం అన్నచోట ముత్యాల్లాంటి అక్షరాలతో 'గైడు మార్పు' అని ఉంది. నా కళ్ళు అలవాటు కొద్దీ చివరి గడికి పోయాయి.

"గైడు సంతకం లేదే."

"లేదు సార్."

"సంతకం లేకుండా..."

ఆ వాక్యాన్ని నేను పూర్తి చెయ్యలేదు. ఆమె నావైపు చూస్తూ నిలబడింది, ఒక నాలుగు సెకన్లు ఉంటుందేమో. "మొదటి పేజీలో వేరేగా రాశారు సార్" అంది. ఆ గొంతులో కోపం లేదు. నా చేతిలోంచి కార్డు మెల్లగా తీసుకుని వెళ్ళిపోయింది. వరండాలో చెప్పుల చప్పుడు నడకలా లేదు, పరుగులా ఉంది.

ఆ కాసేపు నేనేం చేశానంటే, పెన్ను మూత పెట్టాను, తీశాను. "తర్వాతి నంబరు పిలవండమ్మా" అన్నాను.

"గొంతు పట్టేసింది సార్" అంది అటెండరు, నావైపు చూడకుండా. "మీరే పిలుచుకోండి."

ఇంట్లో ఆ సాయంత్రం ఆమె తలనొప్పి అని చెప్పి భోజనానికి రాలేదు. నేను మా ఆవిడకు జరిగింది చెప్పాను. చెబుతున్నప్పుడు అంతా సక్రమంగానే జరిగినట్టు వినిపించింది. అదే నన్ను భయపెట్టింది.

"సంతకం లేదన్నారా?" అంది ఆవిడ. "ముప్పై ఏళ్ళు వార్డులో చేశాను. రక్తం కారుతూ వచ్చినవాణ్ణి, నిన్ను పొడిచినవాడి సంతకం ఏదిరా అని ఒక్కసారైనా అడిగానా?"

"దానికి ఏమైందో మనకింకా తెలియదు."

"తెలుసుకోవడానికే కదండీ ఆ గది!"

మర్నాడు మధ్యాహ్నం కేంద్రం అటెండరుకు అప్పగించి స్ఫటికాల ల్యాబుకు వెళ్ళాను. నా గదినుంచి అక్కడికి నడిస్తే పది నిమిషాలు పట్టింది. గాజు తలుపు పక్కన బొటనవేలు పెట్టే యంత్రం ఉంది. లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా వేలు పెట్టాలి. అద్దంలోంచి చూశాను. నలుగురు పిల్లలు నాలుగు బల్లల ముందు ఉన్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. గోడ పక్కన చెక్క పెట్టెలో నాలుగు ఫోనులు వరసగా పేర్చి ఉన్నాయి. మా పిల్ల నన్ను చూసింది. చూసి, తల దించుకుంది.

శిష్యుడే వచ్చి తలుపు తీశాడు. "మాస్టారూ! ఇంత వానలోనా? రండి రండి."

ఫర్నేసు దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను అలవాటుగా చెయ్యి దగ్గరగా పెట్టి చూశాను. వేడి లేదు.

"ఆపేశానండీ. పద్నాలుగో రోజు" అన్నాడు తేలిగ్గా. "నిన్న మీ అమ్మాయి ఒంటిగంట రీడింగు వదిలేసింది. నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. వేలి గుర్తు ఉంది కదా, నా ఫోనుకు వస్తుంది."

"నాలుగు నిమిషాలకు పద్నాలుగు రోజుల పని ఆపేశావా?"

"ఒక్కరు తప్పితే అందరూ మొదటినుంచి. అదొక్కటే మా ల్యాబు రూలు. మళ్ళీ తప్పరు, ఒకరినొకరు చూసుకుంటారు." నవ్వాడు. "ఎక్కడికెళ్ళావమ్మా అంటే చెప్పలేదు. మీరైనా అడగండి."

ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలుసు. పది నిమిషాల దారి పరుగెత్తి వచ్చి, కారే కుళాయి సంగతి పూర్తయ్యేదాకా నా బెంచీమీద కూర్చుంది. మిగిలిన ముగ్గురూ తమ బల్లలవైపే చూస్తున్నారు. వాళ్ళకు ఈ పంతొమ్మిది రోజులూ మళ్ళీ మొదలు, ఆమె కారణంగా. నేను నోరు విప్పి చెప్పవలసిన క్షణం అది. విప్పలేదు.

దానికి బదులు ఫర్నేసు పక్కనున్న పెట్టె చూపించాను. "ఇది వేడిని దానంతటదే రాసుకుంటుంది కదా?"

"అవునండీ, రాత్రంతా అదే రాస్తుంది."

"రాత్రి దాన్ని నమ్మేవాడివి పగలెందుకు నమ్మవు?"

ప్రశ్న సరిగ్గానే తగిలిందనుకున్నాను. అతను మాత్రం సంతోషంగా నావైపు చూశాడు, పాత పాఠం అప్పజెప్పే పిల్లాడిలా. "రీడింగు కోసం కాదు కదా మాస్టారూ! మనిషి కోసం. మీ దగ్గర నేర్చుకున్నదే. నన్ను లోపల పెట్టి బయట గొళ్ళెం పెట్టేవారు, గుర్తుందా? 'మనసు చెదిరితే కొలత చెదురుతుంది' అనేవారు. ఆ గొళ్ళెమే లేకపోతే నేనిక్కడ ఉండేవాణ్ణి కాను."

గుర్తుంది. ఎన్నో సభల్లో హాస్యంగా చెప్పి నవ్వించిన సంగతే అది. అతను లోపలినుంచి తలుపు కొట్టిన రోజులు ఉన్నాయో లేదో మాత్రం నాకు గుర్తులేదు. నేను ఆ లెక్క రాసుకోలేదు.

కేంద్రానికి తిరిగివచ్చి రిపోర్టుకు లెక్కవేసిన ఆ నూట పన్నెండు కార్డులూ బల్లమీద పరిచాను. ఈసారి ల్యాబుల వారీగా కాక కావలసిన సహాయాన్నిబట్టి వేరుచేశాను. కుళాయిలు, లైబ్రరీ, బస్సు పాసు, జ్వరం, గది మార్పు. గైడు మీద ఒక్క మాటగాని, కౌన్సెలరు కావాలన్న ఒక్క కోరికగాని లేదు. ఏ గైడు చేత సంతకం పెట్టించుకుని ఆ మాట రాసుకువస్తారు? కొలవడానికి పెట్టుకున్నదాన్ని తప్ప మిగిలినవన్నీ కొలిచే పరికరం తయారుచేశాను నేను. అది చూపించిన సున్నాకు ఆదర్శమని పేరు పెట్టాను.

ఎర్ర సిరా సీసా తెప్పించాను. మిగిలిన మూడు వందల కార్డుల మీద చివరి గడిని అటెండరూ నేనూ సాయంత్రం దాకా కొట్టేస్తూ కూర్చున్నాం.

"గొంతు బాగుపడిందా అమ్మా?" అన్నాను.

"కొద్దికొద్దిగా పడుతోంది సార్."

రిజిస్ట్రారుకు ఉత్తరం రాశాను: స్ఫటికాల ల్యాబుకు వేసిన సున్నాను కొలతగా తీసుకోవద్దు, మా పరికరం అక్కడికి చేరలేదు. ఇకమీదట కేంద్రం ల్యాబులు మూసిన తర్వాత, ఆరున్నరనుంచి ఎనిమిది దాకా కూడా తెరిచి ఉంటుంది. ఆయన ఫోను చేశాడు.

"సర్టిఫికెట్టు అచ్చయిపోయిందండీ ప్రొఫెసర్‌గారూ. ఫ్రేము కూడా కట్టించాం."

"ఫ్రేములో ఇంకేదైనా పెట్టుకోండి."

"ఆ గడి తీసేస్తే రేపటినుంచి సమస్యలు పెరిగిపోతాయి మీకు."

"పెరగవు. కనిపిస్తాయి."

ఈ మాట అన్నందుకు నాకు నేను కొంచెం గొప్పగా అనిపించాను. కాని మా పిల్ల గది తలుపు దగ్గర నిలబడ్డప్పుడు అందులో ఏమీ మిగల్లేదు.

"అమ్మాయ్, ఆ గడి తీసేశాను. సంతకం అక్కర్లేదు. దరఖాస్తు బల్లమీద పెట్టాను."

"మంచిది మామయ్యా" అంది లోపలినుంచి.

"ల్యాబులో... ఆ రోజు నా దగ్గరికి వచ్చావని నేను చెప్పలేదు."

"చెప్పకపోవడమే నయం లెండి. చెప్పుంటే ఇంకో రూలు వచ్చేది."

తలుపు తెరుచుకోలేదు. గడియ పెట్టి లేదు, తోస్తే వస్తుంది. నేను తొయ్యలేదు.

ఆదివారం పదింటికి అతను వచ్చాడు. ఆ పూట గట్టిగా చెప్పాలని రాత్రంతా వాక్యాలు కూర్చుకున్నాను. గొడుగు మడిచి మూలపెట్టి, "మాస్టారూ" అంటూ తన కుర్చీలో కూర్చున్నాడు. నేను మొదలుపెట్టాను: యంత్రం రాసే చోట మనిషిని నిలబెట్టడం అశాస్త్రీయమని, ఒకరి పొరపాటుకు నలుగురి పని ఆపడం శిక్షే గాని శిక్షణ కాదని. అతను శ్రద్ధగా విన్నాడు, ఎదురు ప్రశ్నలు వేశాడు, రెండుచోట్ల ఒప్పుకున్నాడు, మూడుచోట్ల నా పాత మాటలే నాకు అప్పజెప్పాడు. మా ఇద్దరికీ తెలియకుండానే అది మా మామూలు ఆదివారం వాదనగా మారిపోయింది. మా ఆవిడ టీ తేలేదు. రెండుసార్లు వంటింటి గుమ్మంలోకి వచ్చి నావైపు చూసింది. ఒంటిగంటకు అతను లేచి, "మీతో మాట్లాడితే బుర్ర తేటపడుతుంది మాస్టారూ" అని వెళ్ళిపోయాడు.

ఆ మూడు గంటలూ గది తలుపు మూసే ఉంది. అతను వెళ్ళిన అయిదు నిమిషాలకు ఆమె బయటికి వచ్చింది. బయటికి వెళ్ళే బట్టలు కట్టుకుని, సంచి భుజాన వేసుకుని ఉంది. గడియారం చూసింది, సంచి మళ్ళీ గదిలో పెట్టేసింది.

సాయంత్రం వేళల్లో మొదటి రెండు రోజులూ కేంద్రానికి ఎవరూ రాలేదు. మూడో రోజు స్ఫటికాల ల్యాబు కుర్రాడొకడు వచ్చి బస్సు టైములు అడిగాడు. అవి స్టాపులోనే రాసి ఉంటాయని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అతను కూర్చున్నాడు. పది నిమిషాల తర్వాత ఏడ్చాడు. మర్నాడు తోటివాళ్ళిద్దరూ వచ్చారు. వాళ్ళు చెప్పింది నేను రాసుకోలేదు, పద్నాలుగో పేజీ దరఖాస్తు మీద వాళ్ళచేతే రాయించాను. ముగ్గురూ తలో ప్రొఫెసరును వెతుక్కునే పనిలో పడ్డారు.

చివరి రోజు వచ్చింది. మా పిల్ల రాలేదు. ఆరున్నర అయింది, ఏడయింది, ఏడూ పావయింది. తేదీ ముద్ర నా దగ్గరే ఉంటుంది. ఎనిమిది లోపల అది పడితే చెల్లుతుంది, ఒక్క నిమిషం దాటినా చెల్లదు. ఆ నియమాన్ని నేను రాయలేదు, దాన్ని మార్చే అధికారమూ నాకు లేదు. అటెండరు ఇంటికి పోకుండా గుమ్మంలో నిలబడి మెట్లవైపు చూస్తోంది. ఆ గదిలో గాలి ఎంత తక్కువో ఆ గంటలో తెలిసింది.

ఏడూ నలభైకి ఆమె వచ్చింది, ఆయాసపడుతూ. దరఖాస్తు బల్లమీద పెట్టింది. కొత్త గైడు అంగీకారం అన్నచోట పక్క భవనంలో కాంతిశాస్త్రం చెప్పే మేడమ్ సంతకముంది. సిరా ఇంకా మెరుస్తోంది.

"ఆదివారమే పెట్టించుకోవాల్సింది" అంది. "పదకొండింటికి రమ్మన్నారు ఆవిడ. తర్వాత ఊరెళ్ళిపోయారు. ఇవాళే, ఇప్పుడే వచ్చారు. స్టేషన్లో పట్టుకున్నాను."

ఆదివారం పదకొండింటికి నేను యంత్రాల గురించి వాదిస్తున్నాను. సంతకం చేశాను, ముద్ర వేశాను. అటెండరు ముక్కు చీదుకుని, "ఇక ఇంటికి పోతాను సార్" అని గొడుగు తీసుకుంది.

ఆ పిల్ల మాత్రం కదల్లేదు. సంచిలోంచి మరో కాగితం తీసింది. "ఇది కూడా, మామయ్యా."

ఆ గదిలో ఆమె నన్ను మామయ్యా అనడం అదే మొదలు. హాస్టలు దరఖాస్తు అది. సంరక్షకుడి సంతకం కావాలి. ప్రస్తుత నివాసం ఎందుకు విడిచిపెడుతున్నారు అన్న ప్రశ్నకు ఆమె రెండు వాక్యాలు రాసింది: 'నా గదిలోంచి బయటికి రావాలంటే ముందుగదిలోంచే రావాలి. ఆదివారాలు అక్కడ మా గైడుగారు కూర్చుంటారు.'

"ఇకమీదట రాడమ్మా" అన్నాను. "నేను చెప్పేస్తాను. రావద్దని చెప్పేస్తాను."

"చెబుతారు మామయ్యా, నాకు తెలుసు."

"మరి?"

"అత్తయ్యకి పొద్దున్నే చెప్పాను. పెట్టె సర్దింది." కాగితాన్ని నావైపు జరిపింది. "సెలవులకి వస్తాను. మీరు ముందు ఇది చూడండి, హాస్టలు ఆఫీసు ఎనిమిదిన్నరకి మూసేస్తారు."

కాగితం అడుగున 'సంరక్షకుడి అభిప్రాయం' అని ఉంది, దానికింద రెండు గీతలు. ఇలాంటి చోట్ల నేను సాధారణంగా 'అభ్యంతరం లేదు' అని రాస్తాను. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆమె తొందరపెట్టలేదు. చివరకు రాశాను: 'అమ్మాయి రాసినది నిజం. ఆ మూడు గంటలూ నేను కూడా ఆ ముందుగదిలోనే ఉన్నాను.'

సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె దాన్ని దీపం కిందికి జరిపి, ఒకటికి రెండుసార్లు చదివింది. మళ్ళీ నా ముందు పెట్టింది.

"తేదీ వెయ్యలేదు మామయ్యా" అంది.

వేశాను.